కాప్రినా, ఇస్కియానా, ప్రోచిదానా?

క్రీస్తుపూర్వం 29లో రోమన్ చక్రవర్తి అగస్టస్ నేపుల్స్ నగరంతో ఒక మార్పిడి చేసుకున్నాడు. తన చేతిలో ఉన్న ఇస్కియా దీవిని నగరానికి ఇచ్చేసి, బదులుగా కాప్రిని తీసుకున్నాడు. ఇస్కియా వైశాల్యం 46 చదరపు కిలోమీటర్లు. కాప్రి పదిన్నర కూడా ఉండదు. తాను కాప్రిలో అడుగుపెట్టగానే వాడిపోయిన ముసలి ఓక్ చెట్టు కొమ్మలు మళ్లీ నిలబడ్డాయని ముచ్చటపడి చక్రవర్తి ఈ బేరం కుదుర్చుకున్నాడని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు.

రెండు వేల ఏళ్లు దాటాక కూడా నేపుల్స్ అఖాతానికి వెళ్లేవాళ్ల ముందు అదే ప్రశ్న ఉంది: ఏ దీవి? రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసుకుని, మ్యూజియంలలో నడిచి నడిచి కాళ్లు పీకేశాక, చివర్లో నాలుగైదు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా సముద్రం ఒడ్డున పడుండాలనుకునేవాళ్లు మనవాళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. హైదరాబాదు నుంచి తిన్నగా వెళ్లేవాళ్లు కొందరు. లండన్ నుంచో న్యూజెర్సీ నుంచో అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇంకొందరు. అందరికీ ముందుగా తెలిసిన పేరు కాప్రి. కాబట్టి గది కూడా అక్కడే తీసుకుంటారు. నాకు పేచీ ఇక్కడే. విశ్రాంతికే వెళ్తున్నప్పుడు పేరు చూసి దీవిని ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: చూడడానికి కాప్రి, ఉండడానికి ఇస్కియా. ఇద్దరే వెళ్తూ, సందడి అక్కర్లేదనుకుంటే అక్కడే ఉన్న చిన్న దీవి ప్రోచిదా. ఎందుకో ఇప్పుడు వివరంగా చూద్దాం.

అసలు కారణం రాతిలో ఉంది. ఈ మూడు దీవులూ ఒకే అఖాతంలో ఉన్నా ఒక జాతివి కావు. కాప్రి సున్నపురాయి. ఎదురుగా కనిపించే సొరెంటో ద్వీపకల్పానికి అది కొనసాగింపు, మధ్యలో సుమారు అయిదు కిలోమీటర్ల నీళ్లు మాత్రం అడ్డం వచ్చాయి. ఇస్కియా, ప్రోచిదా అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి. నేపుల్స్‌కి పడమటి వైపున్న కాంపి ఫ్లెగ్రేయి అగ్నిపర్వత ప్రాంతానికి అవి చుట్టాలు. సున్నపురాయి నిట్టనిలువుగా విరుగుతుంది. అందుకే కాప్రి చుట్టూ గోడలాంటి కొండచరియలు, వాటి కింద లోతైన నీళ్లు. ఒండ్రు, మెత్తని మట్టి కలవవు కనక ఆ నీళ్లు అడుగు దాకా కనిపిస్తాయి, కానీ కాలు చాపుకోవడానికి ఇసుక దొరకదు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి మెత్తన. అలలు దాన్ని తేలిగ్గా అరగదీసి ముదురు రంగు ఇసుకగా ఒడ్డుకి చేరుస్తాయి. పైగా ఇస్కియా కింద నిప్పు ఇంకా చల్లారలేదు కనక భూమిలోంచి వేడినీళ్లు ఉబికి వస్తూనే ఉంటాయి. ఫోటోలు చూసి తేల్చుకోలేని విషయాన్ని ఈ ఒక్క తేడా తేల్చేస్తుంది.

ముందు కాప్రి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మధ్యధరా సముద్రంలో అంత అందమైన దీవులు తక్కువ. నీళ్లలోంచి లేచి నిలబడ్డ ఫరాల్యోని శిలలు, 589 మీటర్ల ఎత్తున్న సొలారో కొండ మీదికి ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని కాళ్ల కింద తోటలు చూపిస్తూ పోయే కుర్చీ లిఫ్ట్, అనకాప్రిలో స్వీడన్ వైద్యుడు ఆక్సెల్ మున్తే కట్టుకున్న విల్లా సాన్ మికేలే, ఇవన్నీ చూసి తీరాల్సినవే. అగస్టస్ వారసుడు టిబేరియస్ తన చివరి పదేళ్లూ సామ్రాజ్యాన్ని ఇక్కడి నుంచే ఏలాడు. దీవి తూర్పు కొసన ఆయన విల్లా జోవిస్ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. మనకి ఇంకా దగ్గరి సంబంధం ఒకటుంది. ‘అమ్మ’ నవలతో తెలుగు పాఠకుల ఇంటి మనిషైపోయిన మక్సీమ్ గోర్కీ 1906 నుంచి 1913 దాకా కాప్రిలోనే ఉన్నాడు. లెనిన్ ఆయన్ని చూడడానికి 1908లోనూ 1910లోనూ వచ్చాడు. పాబ్లో నెరూడా 1952లో ప్రవాసిగా కొన్ని నెలలు ఇక్కడే గడిపాడు. సాహిత్యం మీద ప్రేమతో వెళ్లేవాళ్లకి ఈ దీవిలో తిరగడానికి బోలెడంత ఉంది.

అయితే తిరగడం వేరు, పడుకోవడం వేరు. కాప్రిలో దిగిన మొదటి గంట ఎలా గడుస్తుందో చూడండి. వేసవిలో ఉదయం పది గంటలకి మరీనా గ్రాండే రేవులో పడవ మీద పడవ జనాన్ని దింపుతుంటుంది. సామానుతో దిగినవాళ్లు ఊళ్లోకి వెళ్లాలంటే 1907 నుంచి నడుస్తున్న ఫ్యునికులర్ రైలు ఎక్కాలి. ప్రయాణం నాలుగైదు నిమిషాలే. దాని కోసం నిలబడే వరస మాత్రం ఎండలో ఎంతసేపైనా సాగవచ్చు. పైన ప్యాజెట్టా అనే చిన్న కూడలిలో దిగాక హోటల్ దాకా నడకే, ఆ సందుల్లోకి కార్లు రావు. పెట్టెల్ని హోటల్‌వాళ్లు చిన్న బ్యాటరీ బళ్ల మీద తెప్పిస్తారు. ఇంతా చేసి గదికి చేరాక మీరున్నది కొండ మీద, సముద్రం ఉన్నది కింద. స్నానానికి మళ్లీ బస్సో, టాక్సీయో, వందల మెట్లో.

దిగాక దొరికే తీరాలు కూడా చెప్పుకుందాం. రేవు పక్కనున్న మరీనా గ్రాండే దీవిలో అన్నిటికంటే పెద్ద బీచ్. అదీ గులకరాళ్లదే. దక్షిణాన మరీనా పిక్కొలా అందంగా ఉంటుంది, గాలి తగలదు, కానీ డబ్బు కట్టకుండా కూర్చునే చోటు కాస్తంతే. వెనకున్న కొండ సాయంత్రం త్వరగానే నీడ వేసేస్తుంది. నైరుతి మూల పుంతా కరేనా దీపస్తంభం కింద కాంక్రీటు దిమ్మెలు, రాళ్లు, నీళ్లలోకి దిగే నిచ్చెనలు ఉంటాయి. పొద్దుగూకేదాకా ఎండ ఉండేది అక్కడే. ఈతలో ఆరితేరినవాళ్లకి ఆ నీళ్లు స్వర్గం. నిచ్చెన వదిలిన మరుక్షణం కాలికి నేల అందదు కనక పిల్లలకీ, ఈత రాని పెద్దవాళ్లకీ పనికిరాదు. మనలో చాలామందికి ఈత అంతంత మాత్రమే కదా, ఆ సంగతి దీవిని ఎంచుకునేటప్పుడే గుర్తుంచుకోవాలి.

నీలి గుహ గురించి అడగనివాళ్లుండరు. జర్మన్ కవి ఆగస్ట్ కోపిష్, అతని మిత్రుడు ఎర్న్‌స్ట్ ఫ్రీస్ 1826లో స్థానిక జాలరి సాయంతో లోపలికి ఈదాక దీని పేరు ఐరోపా అంతా పాకింది. గుహ నోరు నీటి మట్టానికి ఒక మీటరు ఎత్తు మాత్రమే. చిన్న తెడ్డు పడవలో వెల్లకిలా పడుకోవాలి. పడవవాడు గోడకి కట్టిన గొలుసు పట్టుకుని, అల కిందికి దిగిన క్షణం చూసి లాగేస్తాడు. లోపల చీకటి, ఆ చీకటి కింద వెలిగే నీలం. ఆ వెలుగు పై నోటి గుండా వచ్చేది కాదు. నీటి అడుగున ఇంకా పెద్ద సందు ఒకటుంది. సూర్యకాంతి అందులోంచి నీళ్లలో వడగట్టుకుని వచ్చేసరికి ఎరుపు ఇంకిపోయి నీలం మిగులుతుంది. చేయి ముంచితే వెండి పూత పూసినట్టు కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లోనే బయటికి తెచ్చేస్తారు. సముద్రం కాస్త ఎగిసినా ఆ రోజుకి గుహ మూసేస్తారు. దీని కోసమే కాప్రి ప్రయాణం పెట్టుకోకండి. అక్కడున్న రోజు తెరిచి ఉంటే వెళ్లండి.

మంచినీళ్లు కూడా ఎదుటి ఒడ్డు నుంచి సముద్రం అడుగున గొట్టాల్లో రావాల్సిన దీవి ఇది. 2024 జూన్‌లో ఆ సరఫరా దెబ్బతిన్నప్పుడు పర్యాటకుల్ని దిగనివ్వవద్దని మేయరు ఆదేశమిచ్చాడు. నీళ్లు రాగానే ఎత్తేశారు గానీ, సుమారు 13 వేల జనాభా ఉన్న చోట వేసవి రోజుల్లో ఎంత బరువు పడుతుందో ఆ ఆదేశం చెప్పింది. ఈ బరువంతా పగటిదే. ఆఖరి పడవలు వెళ్లిపోయాక సాయంత్రం ఏడు నుంచి మర్నాడు ఉదయం తొమ్మిది దాకా కాప్రి వేరే దీవి. కూడలి ఖాళీ అవుతుంది, ఫరాల్యోని వైపు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. అందుకే నా సలహా, కాప్రిని ఒక పగలు కాకుండా ఒక రాత్రిగా చూడండి. ఖర్చు ఎక్కువే అవుతుంది. ఒక్క రాత్రికి మాత్రం ఆ ఖర్చు సార్థకం.

ఇస్కియా దగ్గరికి వచ్చేసరికి లెక్కే మారిపోతుంది. ఇక్కడ ఆరు పురపాలికలు, 60 వేలకు పైగా జనం, మధ్యలో 789 మీటర్ల ఎపొమేయో కొండ, దాని వాలుల్లో ద్రాక్షతోటలు. పర్యాటకులు లేకపోయినా బతికే ఊళ్లున్న దీవి ఇది. బడులు, ఆసుపత్రి, కూరగాయల కొట్లు, స్కూటర్ల రొద అన్నీ ఉంటాయి. రోడ్ల మీద వేసవిలో రద్దీ విసిగిస్తుందన్న మాటా నిజమే. దీవి చుట్టూ రెండు దిక్కులా తిరిగే బస్సులు ఆగస్టులో కిక్కిరిసిపోతాయి. కాప్రి నుంచి నేరుగా ఇక్కడికి వస్తే మొదటి గంట కాస్త నిరాశపడతారు. రెండో రోజుకి ఆ నిరాశ ఉండదు.

ఎందుకంటే ఇక్కడ బీచ్ అంటే మనకి తెలిసిన బీచే. ఇసుక మీద నడిచి నీళ్లలోకి వెళ్తాం. బంగాళాఖాతపు అలల జోరు తెలిసినవాళ్లకి ఇక్కడి నీళ్ల శాంతం కొత్తగా ఉంటుంది. ఆటుపోట్ల తేడా రెండడుగులు కూడా ఉండదు. దక్షిణాన బరానో కింద మారొంతి తీరం మూడు కిలోమీటర్ల దాకా సాగుతుంది. ఎలేనా ఫెర్రాంతే నేపుల్స్ నవలలు చదివినవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది, వాటిలోని ఎలేనా, లీలాల వేసవులు నడిచింది ఇక్కడే. పడమట ఫోరియో పక్కన చితారా, పొద్దు నేరుగా నీళ్లలోకి దిగే చోటు. వాయవ్యాన లాక్కో అమేనో దగ్గర సాన్ మొంతానో అనే చిన్న కొలనులాంటి ఖాతం, చాలా దూరం వెళ్లినా నడుం లోతే. చిన్న పిల్లలున్నవాళ్లు మరో మాట లేకుండా అక్కడికి వెళ్లాలి.

ఇస్కియా అసలు సొత్తు మాత్రం వేడినీటి బుగ్గలు. మారొంతి తీరానికి పడమటి కొసన ఫూమరోలె అనే చోటుంది. అక్కడ ఇసుక లోంచి ఆవిరి వస్తుంది. పైపైన నడిస్తే చెప్పులు లేని కాలు చురుక్కుమంటుంది. స్థానికులు కోడిగుడ్లు, బంగాళాదుంపలు, మసాలా పట్టించిన కోడి రేకు కాగితంలో గట్టిగా చుట్టి, చేత్తో చిన్న గొయ్యి తీసి పాతిపెడతారు. గుర్తుకి ఒక పుల్ల గుచ్చి ఈతకి వెళ్తారు. తిరిగి వచ్చి తవ్వేసరికి ఉడికి ఉంటుంది. ఇంకాస్త పడమటికి, పంజా కింద సొర్జెతో ఖాతం. రెండు వందలకు పైగా మెట్లు దిగాలి, లేదా సాంత్ ఆంజెలో నుంచి పడవ టాక్సీలో రావచ్చు. అక్కడ మరిగే ఊటలు నేరుగా సముద్రంలోకి పారతాయి. రాళ్లు పేర్చి మడుగుల్లా చేసుకున్నారు. ఒక అల వస్తే చల్లగా, అది వెనక్కిపోతే వేడిగా, మనకి నచ్చిన చోటు వెతుక్కుని కూర్చోవడమే పని. టికెట్ లేదు. చలికాలంలో కూడా రాత్రిపూట జనం వస్తారు.

డబ్బు పెట్టి సుఖపడాలనుకుంటే స్నానపు తోటలున్నాయి. చితారా తీరం మీద పొసైడన్ తోటలు, సాన్ మొంతానోలో నెగొంబో పేరున్నవి. పొసైడన్‌లో సుమారు ఇరవై కొలనులు, గోరువెచ్చన నుంచి 40 డిగ్రీల దాకా రకరకాల వేడితో, కొండవాలు మీద పూలమొక్కల మధ్య అంచెలుగా ఉంటాయి. టికెట్ కొంటే కొలనులతో పాటు సముద్రతీరమూ కలిసి వస్తుంది కనక ఒక రోజంతా బయటికి రానక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకో అత్తగారికో దీనికి మించిన సెలవు నాకు తోచదు. ఈ నీళ్ల ఖ్యాతి కొత్తది కాదు. జూలియో యాసొలినో అనే వైద్యుడు 1588లోనే ఈ దీవి బుగ్గలు ఏ జబ్బుకి ఏది పనికొస్తుందో వివరిస్తూ పుస్తకం అచ్చువేశాడు. 1918లో మేరీ క్యూరీ వచ్చి ఈ నీళ్లలోని రేడియోధార్మికతను పరిశీలించింది. ఇటలీ ప్రజారోగ్య వ్యవస్థ ఇప్పటికీ డాక్టరు చీటీ మీద ఇలాంటి స్నాన చికిత్సలకి ఖర్చు భరిస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా బాగా వేడి కొలనుల్లో దిగకూడదు. దిగిన ఎవరైనా పది పదిహేను నిమిషాలకి బయటికొచ్చి నీడలో కూర్చుని నీళ్లు తాగాలి. అక్కడి సిబ్బంది చెప్పేది కూడా ఇదే.

బుగ్గలకి ధర లేకపోలేదు. నీళ్లని వేడి చేసే నిప్పే భూమిని కదిలిస్తుంది. 1302లో ఇక్కడ చివరిసారి అగ్నిపర్వతం పేలింది. 1883 జూలైలో కసమిచ్చోలా ఊళ్లో వచ్చిన భూకంపంలో 2,300 మందికి పైగా పోయారు. తత్వవేత్త బెనెదెత్తో క్రోచె అప్పుడు పదిహేడేళ్ల కుర్రవాడు. శిథిలాల్లోంచి అతన్ని బయటికి తీశారు గానీ తల్లీ తండ్రీ చెల్లెలూ దక్కలేదు. 2017 ఆగస్టులో మళ్లీ కంపించి ఇద్దరు చనిపోయారు. 2022 నవంబర్ 26న కుండపోత వానకి కొండవాలు జారి అదే కసమిచ్చోలాలో పన్నెండు మంది చనిపోయారు. కొండ అంచుల్లో, వాగు దారుల్లో అనుమతుల్లేకుండా కట్టిన ఇళ్ల గురించి ఇటలీ అంతా చర్చ జరిగింది. పర్యాటకుడు భయపడి మానేయాల్సినంత ప్రమాదమని నేననను. కానీ కార్తెలు మారే అక్టోబర్ చివర, నవంబర్ వానల్లో సముద్ర సెలవు పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇస్కియాలో ఎక్కడ ఉండాలన్నది మరో ఎంపిక. కార్లు లేని సాంత్ ఆంజెలో అన్నిటికంటే ప్రశాంతం, ధర కూడా ఎక్కువ. జర్మనీ మాజీ ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ ఏళ్ల తరబడి ఈస్టర్ సెలవులకి వచ్చింది ఈ ఊరికే. పెద్దవాళ్లతో వెళ్తే ఫోరియో మేలు. బీచ్‌లు దగ్గర, తినడానికి చోట్లు ఎక్కువ, బస్సు గుమ్మంలోకి వస్తుంది. బ్రిటిష్ సంగీతకర్త విలియం వాల్టన్ భార్య సుసానా పెంచిన లా మొర్తెల్లా తోట కూడా అక్కడే. పడవ దిగగానే గదిలో పడాలంటే ఇస్కియా రేవు ఊరు చాలు. ఆ గుండ్రటి రేవు ఒకప్పుడు అగ్నిపర్వత బిలంలోని సరస్సు. 1854లో రాజు రెండో ఫెర్దినాందో గట్టు తెగ్గొట్టించి సముద్రాన్ని కలిపాడు. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో సముద్రంలో బండ మీద అరగొనుల కోట నిలబడి ఉంటుంది.

ఎండ ఎక్కువైన ఒక మధ్యాహ్నం లాక్కో అమేనోలోని విల్లా అర్బుస్తో మ్యూజియంకి వెళ్లిరండి. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దంలో గ్రీకులు పడమటి సముద్రాల్లో వేసిన తొలి స్థావరాల్లో పిథెకూసాయి ఒకటి. అది ఇక్కడే. గ్రీకు లిపిలో దొరికిన అతి పాత రాతల్లో ఒకటి చెక్కిన నెస్టర్ గిన్నె, జోర్జో బుక్‌నర్ తవ్వకాల్లో ఈ నేలలోనే బయటపడింది. పలకరించేవాళ్లు లేని ఆ గదిలో అరచేతిలో పట్టే మట్టి గిన్నె ముందు నిలబడితే చాలు, ఈ దీవికి కాప్రి కంటే లోతైన చరిత్ర ఉందని అర్థమవుతుంది.

ప్రోచిదా ఈ రెంటికీ పూర్తిగా వేరు. విస్తీర్ణం నాలుగు చదరపు కిలోమీటర్లు, జనం పదివేలు. ఇది జాలరుల, ఓడ నావికుల దీవి, హోటళ్ల దీవి కాదు. అందుకే మంచి గదులు తక్కువ, ముందుగా పట్టుకోవాలి. కోరిచెల్లా రేవు చూసినవాళ్లు మరిచిపోరు. గులాబి, పసుపు, లేత నీలం రంగుల ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బయటి మెట్లతో, కమానులతో నీళ్ల దాకా దిగుతాయి. అక్కడికి బళ్లు పోవు, మెట్లు దిగాల్సిందే. వలలు ఆరబెట్టిన చోటే భోజనం బల్లలు వేస్తారు. 2022లో ప్రోచిదా ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఉంది. ఒక చిన్న దీవికి ఆ గౌరవం అదే మొదటిసారి.

ఎల్సా మొరాంతె ‘అర్తూరో దీవి’ నవలకి ఈ దీవే రంగస్థలం. 1957లో దానికి స్ట్రేగా బహుమతి వచ్చింది. మనకి ఇంకా బాగా తెలిసింది ‘ఇల్ పొస్తీనో’ సినిమా. నెరూడాకి ఉత్తరాలు చేరవేసే పోస్టుమ్యాన్ కథ. ఊళ్లోని దృశ్యాలు ఇక్కడ తీశారు, కవి ఇల్లు మాత్రం సిసిలీకి ఉత్తరాన ఉన్న సలీనా దీవిలోది. పోస్టుమ్యాన్‌గా నటించిన మాస్సిమో త్రోయిసి గుండె జబ్బుతోనే పని పూర్తిచేసి, చిత్రీకరణ ముగిసిన మర్నాడు, 1994 జూన్ 4న కన్నుమూశాడు. పొజ్జో వెక్కియో అనే నల్ల ఇసుక తీరాన్ని ఇప్పుడంతా పోస్టుమ్యాన్ బీచ్ అనే పిలుస్తున్నారు.

తీరాల విషయానికొస్తే చిరాచ్చో అన్నిటికంటే పొడుగు, పడమటి ముఖం. కియాయా ఇంకా అందమైనది, కాకపోతే చాలా మెట్లు. ఏదీ రేవు నుంచి మరీ దూరం కాదు, ఓపికుంటే దీవి అంతా నడిచే చూడవచ్చు. ఒక లోపం దాచకూడదు. ఇరుకు సందుల్లో స్కూటర్లు, చిన్న బళ్లు జోరుగా పోతుంటాయి. కాలిబాటలు లేవు. గోడకి ఒదిగి నిలబడడం అలవాటు చేసుకోవాలి. పిల్లల్ని చక్రాల బండిలో తోసుకెళ్లేవాళ్లకి ఇబ్బంది.

ఇక్కడి నిమ్మకాయ సలాడ్ తినకుండా రావద్దు. మన దబ్బకాయంత కాయ, పై తొక్క పల్చగా తీసేసి, లోపలి తెల్లని మందపాటి పొరతో సహా ముక్కలు కోస్తారు. ఉల్లిపాయ, పుదీనా, ఎండుమిరప, ఆలివ్ నూనె, ఉప్పు. పులుపు తక్కువ, నీళ్లు ఎక్కువ, మధ్యాహ్నం ఎండకి సరిగ్గా సరిపోతుంది. ఊరగాయ నోరు కట్టుకుని తిరుగుతున్న తెలుగువాళ్లకి వారం రోజుల తర్వాత మొదటిసారి ప్రాణం లేచి వస్తుంది.

శాకాహారులకి మూడు దీవుల్లోనూ ఇబ్బంది లేదు. వంకాయ పర్మిజానా, జున్ను నింపిన కాప్రి రావియోలి, టమాటా మొజ్జరెల్లా, వెల్లుల్లి టమాటాలతో చేసే జున్ను లేని మరినారా పిజ్జా ఎక్కడైనా దొరుకుతాయి. అయితే పర్మేసాన్ జున్నుని దూడ కడుపులోని పదార్థంతోనే తోడు వేస్తారు, నియమం పాటించేవాళ్లు జున్ను వద్దని ముందే చెప్పాలి. చూడడానికి కూరలా ఉన్నదాంట్లో నెత్తళ్లు కలిసి ఉండవచ్చు, అడిగి తినండి. చేపలు తినేవాళ్లకి ఆ వేయించిన నెత్తళ్లే పండగ. మాంసం ఇష్టమైతే ఇస్కియాలో టమాటా, తెల్ల ద్రాక్షసారాతో మట్టిపాత్రలో వండే కుందేలు ఆ దీవి సొంత వంట.

ఇక వెళ్లే మార్గం. రోమ్ నుంచి వేగపు రైలులో నేపుల్స్ గంటా పది నిమిషాలు. రేవులు రెండు, దగ్గరదగ్గరే ఉంటాయి. మోలో బెవెరెల్లో నుంచి హైడ్రోఫాయిల్స్, కలాతా పోర్తా ది మాస్సా నుంచి పెద్ద ఫెర్రీలు. వేగపు పడవలో ప్రోచిదా 40 నిమిషాలు, కాప్రి 50, ఇస్కియా ఇంచుమించు గంట. ఫెర్రీకి ఇస్కియా గంటన్నర. పెద్ద సామాను, కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ఫెర్రీ ఎక్కడమే మంచిది. గాలి రేగినప్పుడు ముందు ఆగిపోయేవి హైడ్రోఫాయిల్స్, ఫెర్రీలు ఇంకాసేపు నడుస్తాయి. అందుకని విమానం ముందు రాత్రి దీవిలో ఉండకండి. ఆ రాత్రి నేపుల్స్‌లో గడపండి, పిజ్జా తినడానికి అంతకంటే మంచి ఊరు లేదు. ఇస్కియా, ప్రోచిదాల మధ్య పడవలు ఏడాది పొడవునా తరచుగా నడుస్తాయి. వేసవిలో కాప్రికి ఇస్కియా నుంచే నేరుగా వెళ్లిరావచ్చు.

ఇటలీ తీరాల్లో ఒక పద్ధతి మనకి కొత్త. తీరంలో చాలా భాగం లీడోలనే ప్రైవేటు నిర్వాహకుల చేతిలో ఉంటుంది. గొడుగు, పడక కుర్చీలు రోజు లెక్కన అద్దెకి తీసుకోవాలి. నీళ్లకి దగ్గరి వరసకి ధర ఎక్కువ. పక్కనే ఉచిత తీరం కూడా ఉంటుంది, తువాలు పరుచుకుని కూర్చోవచ్చు. నీటి అంచున నడిచే హక్కు చట్టం ప్రకారం అందరిదీ, ఎవరూ ఆపలేరు. కాప్రిలో ఉచిత చోటు చాలా తక్కువ, ఇస్కియాలోని మారొంతి మీద ధారాళం. ఖర్చులో అసలు తేడా హోటల్ గది కంటే ఇక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

ఏ నెల అన్నది ఏ దీవి అన్నంత ముఖ్యం. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగ చుట్టూ రెండు వారాలు ఇటలీ అంతా సముద్రానికే వస్తుంది. ఆ రోజుల్లో ఈ మూడింటిలో ఎక్కడా విశ్రాంతి లేదు. నవంబర్ నుంచి ఈస్టర్ దాకా చాలా హోటళ్లు, స్నానపు తోటలు మూసి ఉంటాయి. జూన్‌లో పగలు పొడుగు, నీళ్లు కాస్త చల్లన. సెప్టెంబర్‌లో వేసవంతా ఎండ తాగిన సముద్రం జూన్ కంటే వెచ్చగా ఉంటుంది, పిల్లల బడులు తెరుచుకుంటాయి కనక జనం తగ్గుతారు. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. వీసా అపాయింట్‌మెంటు వేసవి ముందు దొరకడం కష్టం కనక, ఆ లెక్కలో కూడా సెప్టెంబరే అనుకూలం.

కాబట్టి అయిదు రాత్రులుంటే నేను వేసే లెక్క ఇది: ఇస్కియాలో మూడు, అందులోంచి ఒక పూట ప్రోచిదాకి. కాప్రిలో ఒకటి. చివరిది నేపుల్స్‌లో. కొత్తగా పెళ్లైన జంట అయితే ఇస్కియా మూడు రాత్రుల్నీ ప్రోచిదాకి ఇచ్చేయవచ్చు. మూడు రాత్రులే ఉంటే కాప్రిని మరో ప్రయాణానికి వదిలేయండి, పెట్టెలు మోస్తూ రేవులు మారే సెలవు సెలవు కాదు. ఏ దీవి తీసుకున్నా గది ఖాయం చేసే ముందు హోటల్‌వాళ్లని రెండే అడగండి: పడవ దిగిన చోటు నుంచి గుమ్మం దాకా ఎలా చేరాలి, గుమ్మం నుంచి నీళ్ల దాకా ఎన్ని మెట్లు. రెంటికీ సూటిగా జవాబివ్వని చోట డబ్బు కట్టకండి.